నెత్తి మీద పుస్తకాల గంప

ఇంగ్లండుల జేన్ ఆస్టిన్ అనే నవలా రచయిత్రి ఉండె. ఆమె కన్నుమూసి రెండొందల ఏండ్లు దాటింది. 2007ల ఆమె పడుసు వయసు మీద ఒక సిన్మా వచ్చింది. ఇరవై ఏండ్ల పిల్ల, వకీలు చదువు చదివే ఐర్లండు పిలగాడు టామ్ లెఫ్రాయ్, ఇద్దరి నడుమ నాట్యాలు, అలుకలు, చాటుమాటు నడకలు. ఆఖరికి రెండు దిక్కులా పైసలు లేక ఆ ప్రేమ తెగుతది. ఆ పిల్ల పెండ్లి లేకుంటనే బతికి నవలలు రాస్తది. పాతకాలం బట్టలు, గుర్రపు బండ్లు, పచ్చటి మైదానాలు, చూడబుద్ధయితది. నిజానికి ఆస్టిన్ తన అక్కకు రాసిన ఉత్తరాలల్ల ఆ పిలగాని ముచ్చట జరంతనే ఉన్నది. ఆ జరంతను పట్టుకొని రెండు గంటల సిన్మా అల్లిండ్రు.

అల్లుకోని, అది వాళ్ల ఇష్టం. నా పేచీ వేరే ఉన్నది. గిసొంటి సిన్మాలు చూసీ చూసీ మన పోరగాండ్లకు ఒక నమ్మకం కుదిరింది. నవల రాసెటోనికి పడుసుతనంల ఒక ప్రేమ ఉండాలె, అది పగలాలె, గా పగులుల నుంచే రాత పుట్టాలె. అట్లనే రాసెటోనికి ఇంట్ల పుస్తకాల అలమారి ఉండాలె, ఖాళీ సమయం ఉండాలె, కిటికీ పక్కన బల్ల ఉండాలె. మన ఇండ్లల్ల గవేం లేవు గనుక రాత మనది కాదు అనుకుంటున్నరు.

తమ్మీ, చెల్లే, మన నల్లగొండ గడ్డ మీద పుట్టిన ఒక నవలాకారుని పడుసుతనం చెప్త, ఇనుండ్రి. దాంట్ల బల్ల లేదు, కిటికీ లేదు. పొయ్యి ఉన్నది, ఎంగిలి పళ్లాలు ఉన్నయి, నెత్తి మీద పుస్తకాల గంప ఉన్నది.

ఆయన పేరు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915 నవంబర్ 1న నకిరేకల్ దగ్గర మాదారంల పుట్టిండు. చిన్నతనంలనే తండ్రి పోయిండు. గరీబు ఇల్లు. అప్పటి నిజాం రాజ్యంల గరీబు ఇంటి పిలగాడు చదువుకునుడంటే ఏందో మనకు ఊహకు కూడా అందదు. సర్కారు భాష ఉర్దూ. కచ్చేరిల కాగితం ఉర్దూ. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల పెద్ద చదువు కూడా ఉర్దూలనే. జనంల దగ్గర దగ్గర సగం మంది మాట్లాడే తెలుగుకు బడులు కరువు. సొంతంగ బడి పెట్టాలన్నా, సభ పెట్టాలన్నా సర్కారు ఇజాజత్ కావాలె. గస్తీ నిషాన్ తిర్పన్ అని ఒక ఉత్తర్వు ఉండేది. దాని కింద నలుగురు కూడి మాట్లాడుకునుడు కూడా నేరం లెక్కనే. ఊర్లల్ల ఇంక చెప్పేదేముంది, దొర గడీ, వెట్టి చాకిరి. దొర ఇంటికి పొయ్యి కట్టెల కాడికెల్లి చెప్పుల దాక అన్నీ ఊరి కులాలోళ్లు ఉత్తగ మొయ్యాలె.

గసొంటి కాలంల తండ్రి లేని పిలగానికి చదువు ఎట్ల దొరికింది? వంట చేసి దొరికింది. ఒక పంతులు ఇంట్ల వండిపెట్టుకుంట, పనులు చేసుకుంట ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నడు. చదువు చెప్పినందుకు ఫీజు లేదు, పని చేసినందుకు కూలి లేదు, రెండిటికీ చెల్లు. గీ ముచ్చటను మనోళ్లు చెప్పేటప్పుడు ఒక్క వాక్యంల దాటేస్తరు. పేదరికంల వంటమనిషిగ పనిచేసి చదువుకున్నడు, తర్వాత గొప్ప రచయిత అయిండు, అని. నేను ఆ ఒక్క వాక్యం కాన్నే ఆగాలంటున్న. వంటింట్ల ఉన్నోనికి ఇల్లు మొత్తం వినపడతది. ఎవరు ఎవరితోని ఎట్ల మాట్లాడుతున్నరు, వచ్చిన చుట్టానికి ఎంత వడ్డించాలె, వాకిట్ల నిలబడ్డోనికి ఏమియ్యాలె, పనోణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నరా, ఓరేయ్ అంటున్నరా, అన్నీ తెలుస్తయి. నవలాకారునికి ఇంతకంటె పెద్ద బడి యాడుంటది చెప్పుండ్రి.

తర్వాత బెజవాడ పోయిండు. హోటల్ల సర్వర్‌గ చేరిండు. నిజాం రాజ్యం దాటి ఇంగ్లీషు సర్కారు రాజ్యంల అడుగు పెట్టినట్టు. అవతల తెలుగుల పత్రికలున్నయి, సభలున్నయి, స్వాతంత్ర్యం ముచ్చట బజార్లల్ల నడుస్తున్నది. ఈ పిలగాడు పగలంతా టిఫిన్లు మోసుకుంట, పని నడుమనే హిందీ, ఇంగ్లీషు నేర్చుకున్నడు. కాలేజీ గడప తొక్కింది లేదు.

ఇక్కడ నాకు గోర్కీ యాదికొస్తడు. రష్యాల మాక్సిం గోర్కీ కూడా చిన్నతనంల తల్లిదండ్రులు పోయినోడే. వోల్గా నది మీద తిరిగే ఓడల అంట్లు తోమిండు. ఆ ఓడల వంటమనిషి స్మూరీ అనే ఆయన పెట్టె నిండ పుస్తకాలు పెట్టుకొని, ఈ పిలగానితోని చదివించుకునేటోడు. గట్ల గోర్కీకి చదువు పిచ్చి పట్టింది. తర్వాత కజాన్ పట్నంల రొట్టెల బట్టీల పనిచేసిండు. ఆయన పడుసుతనం మీద సోవియట్ దేశంల మార్క్ దాన్‌స్కోయ్ అనే దర్శకుడు 1938 నుంచి 1940 దాక మూడు సిన్మాలు తీసిండు. హీరోయిన్ కోసం తీసినయి కావవి. ఒక పిలగాడు మనుషులను చూసుకుంట ఎట్ల పెరిగిండో, గదే కథ. ప్రపంచంల సిన్మా నేర్చుకునెటోళ్లు ఇప్పటికీ వాటిని చూస్తరు. అంటే రాసెటోని పడుసుతనం మీద సిన్మాకు ఇంకో తొవ్వ కూడా ఉన్నది. మనోనికి సరిపోయేది ఆ తొవ్వనే.

1933ల ఆళ్వారుస్వామి హైదరాబాద్ చేరిండు. వయసు పద్దెనిమిది. గోలకొండ పత్రికల ప్రూఫ్ రీడర్ కొలువు దొరికింది. సురవరం ప్రతాపరెడ్డి 1926ల మొదలుపెట్టిన పత్రిక అది. పాలమూరు బిడ్డ సురవరం. ప్రూఫ్ రీడర్ అంటే ఇప్పటి పిలగాండ్లకు తెల్వదు కావచ్చు. సీసం అక్షరాలను ఒక్కొక్కటే పేర్చి, సిర పూసి, కాగితం మీద ఒత్తితే ఒక నకలు వస్తది. దాంట్ల తప్పులు పట్టుడు ఈ కొలువు. దీర్ఘం పోయిందా, వత్తు తిరగబడ్డదా, వాక్యం మింగుడు పడిందా, చూసి గీతలు పెట్టాలె. రాజకీయ నాయకుని ఉపన్యాసం, పండితుని వ్యాసం, ఊరి నుంచి వచ్చిన ఫిర్యాదు ఉత్తరం, అన్నీ కండ్ల ముందట పోతయి. వంటింట్ల మనుషులను చదివినోడు ఇక్కడ వాక్యాలను చదివిండు.

అదే కాలంల ఇంకో ముచ్చట నడుస్తుండె. తెలంగాణల కవులు లేరు అని ఒక పండితుడు తేలిగ్గ రాసిండు. సురవరం పంతం పట్టి ఊరూరికి ఉత్తరాలు రాసి, 354 మంది కవుల పద్యాలు కూడబెట్టి, 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. పండితుల మాటకు పండితుల లెక్కల జవాబు అది. ఆళ్వారుస్వామి జవాబు వేరే తీరు. కవులు ఉన్నరా లేరా తర్వాత సంగతి, చదివేటోళ్లకు పుస్తకం చేతికి అందుతున్నదా అని చూసినట్టున్నడు.

1938ల, ఇరవై మూడేండ్ల వయసుల, దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. ఆ ఏడే కన్నుమూసిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు యాదిల ఆ పేరు. ఆస్తి ఉన్నోడు ప్రచురణ సంస్థ పెడితే వింత లేదు. హోటల్ల పళ్లాలు తీసిన పిలగాడు పెట్టిండు, గది ముచ్చట. ముప్పైకి పైగ పుస్తకాలు తెచ్చిండు. అచ్చేసి కూసోలె. గంపల పెట్టుకొని నెత్తి మీద మోసుకుంట తిరిగి అమ్మిండు. కూరగాయలు అమ్మినట్టు, గాజులు అమ్మినట్టు పుస్తకాలు అమ్మిండు.

జర ఆగి ఈ బొమ్మను ఊహించుకోండ్రి. జేన్ ఆస్టిన్ మీద సిన్మా తీసినోళ్లకు గుర్రపు బండి ఉన్నది. మనకు గంప ఉన్నది. ఏ పాతకాలం సిన్మాల అయినా ఇంతకంటె మంచి షాట్ ఏముంటది? ఎండల ఒక పల్చటి మనిషి, నెత్తి మీద గంప, గంపల తెలుగు పుస్తకాలు, చుట్టూ ఉర్దూ బోర్డులు. ఆ పుస్తకాలల్ల ఏది ఎప్పుడు సర్కారుకు కంటగింపు అయితదో తెల్వదు. ఆ రోజులల్ల గ్రంథాలయం పెట్టుడంటేనే పోలీసులకు అనుమానం. పుస్తకం చదివినోడు రేపు వెట్టి ఎందుకు చెయ్యాలె అని అడుగుతడు, వాళ్ల భయం అదే. భయం నిజమే అయింది కూడా.

గుట్ట కింద హోటళ్లల్ల, టిఫిన్ బండ్ల కాడ పనిచేసే పిలగాండ్లను రోజూ చూస్తున్న. శనాదివారాలు, పండుగలు వస్తే వాళ్లకు కూసునే తీరిక ఉండదు. దర్శనం చేసుకొని దిగొచ్చినోళ్లు చెయ్యి ఊపితే ఉరుకుతరు. పదో తరగతి ఫెయిలయి కొందరు, ఇంటర్ నడుమల విడిసి కొందరు. పని నడుమల జర సందు దొరికితే ఫోన్ చూస్తుంటరు. పెద్దమనుషులు ఎప్పుడు చూడు ఫోనేనా అంటరు. ఆ ఫోన్ల ఏం చదువుతున్నరని అడిగినోడు మాత్రం లేడు. ఆళ్వారుస్వామి ఇయ్యాల పుడితే బహుశా ఆ పిలగాండ్లల్ల ఒకడయి ఉంటుండె, మనం ఇంకో ప్లేటు ఇడ్లీ తెమ్మని కేకేస్తుంటిమి.

పుస్తకాలు అమ్మెటోడు ఊకె అమ్మి ఊకోలె. ఆంధ్ర మహాసభల పనిచేసిండు. సికింద్రాబాద్‌ల రిక్షా కార్మికులను కూడగట్టిండు. 1942ల క్విట్ ఇండియా ఉద్యమంల జైలుకు పోయిండు. 1944ల ఆంధ్ర మహాసభ భువనగిరిల జరిగింది. గుట్ట నుంచి భువనగిరి ఎంత, బస్సెక్కితే అరగంట. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. అక్కడనే సభ రెండుగ చీలింది, సభ్యత్వం రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది, పెద్దోళ్ల సభ కాస్త పల్లె జనం సంఘం అయింది. ఊర్లల్ల దాన్ని సంఘం అనే పిలిచిండ్రు. రోజూ ఆ ఊరి మీదుగ పట్నం పోయొస్తున్నం, కని బస్సుల ఎంత మందికి ఈ సంగతి ఎరుక? ఆళ్వారుస్వామి నిలబడ్డది ఆ నాలుగణాల జనం దిక్కే.

1946ల మళ్ల పట్టుకపోయిండ్రు. ఈసారి ఏండ్లకేండ్లు. నిజాం పోయిండు, 1948 సెప్టెంబర్‌ల హైదరాబాద్ ఇండియాల కలిసింది, జెండా మారింది. ఆయన మాత్రం లోపలనే ఉన్నడు. 1951ల బయటికొచ్చిండు. నిజాం పట్టుకున్నోణ్ణి కొత్త సర్కారు ఇడువలె. దీన్ని మన పాఠం పుస్తకాలు పెద్దగ చెప్పవు. ముప్పై ఒకటి నుంచి ముప్పై ఆరు దాక, మనిషికి మంచి వయసు, అంతా జైలుకు పోయింది.

నిజామాబాద్ జైల్ల ఆయనతోని దాశరథి ఉన్నడు. అప్పటికి పడుసు కవి. కాగితం లేదు, కలం లేదు. దాశరథి బొగ్గుతోని గోడ మీద పద్యాలు రాసుడు, జైలోళ్లు తుడిపిచ్చుడు, మళ్ల రాసుడు. ఆళ్వారుస్వామి వాటిని నోటికి పట్టుకున్నడు. గోడ తుడిసినా మనిషి నోట్లె నుంచి తుడువలేరు కదా. ఈయన ప్రచురణకర్త, పద్యం పోతే ప్రాణం కొట్టుకుంటది, జైల్ల కూడా అదే పని చేసిండు. దాశరథి తన మొదటి పద్యాల పుస్తకం అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిండు. కవులు రాజులకు అంకితమిచ్చిన దేశంల ఒక కవి, పుస్తకాల గంప మోసినోనికి ఇచ్చిండు.

జైల్ల ఆళ్వారుస్వామి చూపు రాజకీయ ఖైదీల మీదనే లేదు. దొంగతనం కేసుల, కొట్లాట కేసుల వచ్చిన మామూలు ఖైదీలతోని కూసొని ముచ్చట పెట్టిండు. వాడు ఎందుకు దొంగ అయిండు, ఏ ఆకలి కాడ తొవ్వ తప్పిండు, ఎవడు తప్పిచ్చిండు, ఇది విన్నడు. గవే జైలు లోపల అనే కథల పుస్తకం అయినయి. ఉద్యమం చేసినోళ్లల్ల శానా మంది జైలు అనుభవాలు రాసిండ్రు, ఎక్కువ మంది తమ గురించే రాసుకున్నరు. ఈయన పక్క బ్యారక్ గురించి రాసిండు. వంటింట్ల నిలబడి ఇల్లు మొత్తం విన్న అలవాటు జైల్ల కూడా పోలె అని నాకనిపిస్తది.

ప్రజల మనిషి నవల 1950లల్ల అచ్చయింది. తెలంగాణ పల్లె బతుకును, రాజకీయాన్ని పట్టుకొని వచ్చిన తొలి నవలగ విమర్శకులు దీన్ని లెక్కేస్తరు. దిమ్మెగూడెం అనే ఊరు. రామభూపాలరావు అనే దొర. కంఠీరవం అనే పిలగాడు చదువు కోసం ఊరు దాటి, లోకం తెలుసుకొని, జనం దిక్కు నిలబడతడు. భూముల గుంజుడు, వెట్టి, దళితుల మతం మార్పిడి, దాన్ని అడ్డం పెట్టుకొని దొరలు, మతం పెద్దలు ఆడిన ఆటలు, గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ, అన్నీ దాంట్ల ఉన్నయి. సాయుధ పోరాటం ఇంకా రాలేదు. పోరాటం ఎందుకు వచ్చిందో చెప్పే నవల ఇది. మంట లేసినంక ఫొటో తీసుడు అలక. కుంపట్ల నిప్పు ఎప్పుడు పడ్డదో చెప్పుడే కష్టం.

నాకు ఈ నవల ఒక సంఘం ఆఫీసుల అట్ట చినిగి దొరికింది, ఇరవై ఏండ్ల కింద. కరెంటు పోతే మోరీ గట్టు మీద కూసొని చదివిన. నిజం చెప్పాలంటే కొన్ని తావుల నడక ఉపన్యాసం లెక్క ఉంటది. మనుషులు మాట్లాడుతున్నరా, తీర్మానం చదువుతున్నరా అనిపిస్తది. కని వెట్టోడు, జీతగాడు, దొర ఇంట్ల పనిమనిషి ఆ నవలల వెనకాల నీడ లెక్క తిరగరు. వాళ్లకు బుద్ధి ఉన్నది, కోపం ఉన్నది, ఒకరి మీద ఒకరికి జాలి ఉన్నది. పెద్దింటి నవలల పనోడు నీళ్ల చెంబు తెచ్చి వాక్యం అయిపోంగనే మాయమైతడు. నీళ్లు తెచ్చినోడే కలం పడితే ఆ మనిషి మాయమైపోడు. ఆ నవల పేరు తర్వాత ఆయనకే అంటుకున్నది. ఇప్పుడు ప్రజల మనిషి అంటే పుస్తకం పేరా, ఆయన పేరా అని అడగాల్సొస్తది.

మళ్ల సిన్మా కాడికి వస్త. తెలంగాణ పోరాటం మీద మా భూమి సిన్మా వచ్చి నలభై ఏండ్లు దాటింది. గొప్ప సిన్మా. దాని మూలకథ కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల, తీసింది గౌతం ఘోష్ అనే బెంగాలీ దర్శకుడు, వెనక నిలబడ్డది మన బి. నర్సింగరావు. పరాయోళ్లు కూడా మన కథను ప్రేమతోని చేతుల్లకు తీసుకున్నరు, వాళ్లకు దండం. మరి మన నవలాకారుని పడుసుతనం ఎవరు తీసుకోవాలె? ఇయ్యాల మన యాస సిన్మాల నడుస్తున్నది, పైసలు కూడా వస్తున్నయి. కల్లు, దావత్, పెండ్లి బరాత్ దాక వచ్చింది. పుస్తకాల గంప దాక రాలె.

తీస్తే దాంట్ల ప్రేమ పెట్టొద్దని నేను అంటలేను. ప్రేమ లేకుంట పిలగాండ్లు టికెట్ కొనరని నిర్మాత అంటడు, వాని బాధ వానిది. కని ఏ ప్రేమ? లేని పిల్లను తెచ్చి, చెరువు గట్టు మీద పాట పెట్టి, ఆమె పోయిన బాధలనే ఈయన నవల రాసిండని చూపెడితే అది ఆయన్ని రెండోసారి వంటింట్లకు తోలినట్టు. పంతులు పాఠం చెప్తుంటే పొయ్యి కాన్నుంచి చెవి పెట్టి విన్న పిలగాని ముఖం చూపెట్టుండ్రి. హోటల్ల బల్ల మీద ఎవడో మరిచిపోయిన పత్రికను తుడిసే బట్ట కింద దాసుకునే చెయ్యి చూపెట్టుండ్రి, గసొంటిది ఒకటి ఊహించినా నాకు అభ్యంతరం లేదు. అర్ధరాత్రి జైలు గదిల ఇద్దరు మనుషులు, ఒకడు గోడ మీద రాస్తుంటే ఇంకోడు పెదవులు కదిలిచ్చుకుంట నోటికి పట్టుడు చూపెట్టుండ్రి. ఆ కాలంల మొగోళ్లు ఏండ్లకేండ్లు జైళ్లల్ల ఉంటే ఇండ్లల్ల ఆడోళ్లు సంసారం ఎట్ల నెట్టుకొచ్చిండ్రో చూపెట్టుండ్రి, ప్రేమ కావాలంటే గది ప్రేమ. వాళ్ల పేర్లు ఏ సంచికలనూ ఎక్కలె.

పెద్ద బడ్జెట్ రావాలని కూసుంటే రాదు. ఈ పోర్టల్ చదివే మీలో సగం మంది రీల్స్ చేస్తున్నరు, కొందరు షార్ట్ ఫిల్ములు కూడా తీస్తున్నరు. మాదారం మన పక్క జిల్లాలనే ఉన్నది. నకిరేకల్ హైవే మీద ఆగని బస్సు లేదు. ప్రజల మనిషి ఇప్పటికీ అచ్చుల దొరుకుతది, హైదరాబాద్ పుస్తకాల పండుగకు పోయినోళ్లు అడిగి చూడుండ్రి.

1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి చనిపోయిండు. నలభై ఐదేండ్లు. జైలు నుంచి బయటికొచ్చినంక ఆయనకు దొరికింది పదేండ్లే. ఆ పదేండ్లల్ల పుస్తకాలు తెచ్చిండు, నవల అచ్చేసిండు, ఇంకో నవల మొదలుపెట్టిండు. దాని పేరు గంగు. ప్రజల మనిషి 1940 దాకటి కథ అయితే, దాని తర్వాతి ఐదేండ్ల కథ గంగు. అది పూర్తి కాకుంటనే ఆయన పోయిండు, పోయినంక రాసినంత మటుకు అచ్చేసిండ్రు. కథ 1945 కాడ ఆగిపోయింది. 1946 నుంచి 1951 దాక జరిగింది ఆయన నవలగ రాయనే లేదు. ఆ ఐదేండ్లు ఆయన జైల్ల ఉన్నడు, ఆ కాలం నుంచి వచ్చిన ఖైదీల ముచ్చట్లు జైలు లోపల కథలల్ల ఉన్నయి.